ముద్దాయి గారి అనుమతితో

ఆఫ్రికా ఖండానికి ఒక మానవ హక్కుల కోర్టు ఉంది. టాంజానియాలో అరూషా అనే ఊళ్లో కొలువై ఉంటుంది. పదకొండుమంది న్యాయమూర్తులు, వారిలో అధ్యక్షులవారు తప్ప మిగిలిన పదిమందీ పార్ట్‌టైమ్. గౌన్లున్నాయి, రిజిస్ట్రీ ఉంది, కోర్టుకు ఉండవలసినవన్నీ ఉన్నాయి. కాకపోతే ఒక చిన్న షరతు. మీ ప్రభుత్వం మిమ్మల్ని కుళ్లబొడిచిందని ఆ కోర్టుకు నేరుగా చెప్పుకోవాలంటే, నా మీద నా జనం చేసే ఫిర్యాదులు వినడానికి నాకు అభ్యంతరం లేదని ఆ కుళ్లబొడిచిన ప్రభుత్వమే ముందుగా ఒక కాగితం రాసి దాఖలు చేసి ఉండాలి. కాగితం ఉంటే మీరు అర్జీదారు. లేకపోతే మీరు అరూషాకు వచ్చిన టూరిస్టు. కిలిమంజారో అక్కడికి దగ్గరే, చూసి వెళ్లొచ్చు.

ముద్దాయి మనసు నొప్పించకుండా న్యాయం చేయడం ఎలాగో ప్రపంచానికి చూపించిన ఈ ఏర్పాటు 1998 జూన్ 10న, బుర్కినా ఫాసో రాజధాని వాగడూగులో పుట్టింది. ఆ రోజు ఆమోదించిన ప్రోటోకాల్‌ను మొదటి నుంచి చదువుకుంటూ పోతే కళ్లు చెమరుస్తాయి. మూడో అధికరణం ప్రకారం ఈ కోర్టు పరిధి ఎంత విశాలమంటే, ఆఫ్రికా మానవ హక్కుల చార్టరే కాదు, ఆ దేశం ఆమోదించిన ఏ మానవ హక్కుల ఒప్పందాన్నైనా తీసి దాని కింద తీర్పు చెప్పొచ్చు. యూరప్ కోర్టుకు కూడా ఇంత వెసులుబాటు లేదు. ఐదో అధికరణంలో వ్యక్తులూ స్వచ్ఛంద సంస్థలూ నేరుగా రావచ్చన్న మాట కూడా కనిపిస్తుంది. ఆనందంతో పేజీలు తిప్పుతూ చివరికి 34వ అధికరణం ఆరో క్లాజు దగ్గరికి చేరుకుంటారు. అక్కడుంటుంది కాగితం సంగతి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని మనం ఊరికే అనుకుంటాం గానీ, ఆ పూజారికి అధికరణం నంబరు, క్లాజు నంబరు ఇచ్చి కూర్చోబెట్టిన ఘనత మాత్రం వాగడూగుదే.

ఒక్కో మెట్టు దిగుతూ లెక్క చూద్దాం. ఆఫ్రికా యూనియన్‌లో సభ్యదేశాలు 55. చార్టర్‌ను మొరాకో తప్ప అందరూ ఆమోదించారు. అందులో పేద్ద పేద్ద హక్కులున్నాయి, సంతకానికి ఖర్చు లేదు. కోర్టును ఏర్పరచే ప్రోటోకాల్‌ను ఆమోదించినవి ముప్పై పైచిలుకు. వాటిలో ఆరో క్లాజు కాగితం ఎప్పుడో ఒకప్పుడు దాఖలు చేసినవి పన్నెండు. ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకున్నవి ఐదు. హక్కులు అందరికీ ఉన్నాయి, ఆ హక్కులు వినే కోర్టు ఏడు దేశాల జనానికి ఉంది. మిగతావాళ్లు చార్టర్‌ను పటం కట్టించుకోవచ్చు.

కోర్టు మొట్టమొదటి తీర్పు గురించి చెప్పుకోకపోతే పాపం. స్విట్జర్లాండ్‌లో ఉంటున్న ఒక చాద్ దేశస్థుడు 2008 ఆగస్టు 11న సెనెగల్ మీద అర్జీ పెట్టాడు. విషయం చాద్ మాజీ నియంత హిసెన్ హబ్రే విచారణ. ఆ విచారణను ఆపించాలని ఆయన కోరిక. ఖండంలోని కోట్లాదిమంది బాధితుల కోసం తెరిచిన కోర్టులోకి మొదట అడుగుపెట్టింది ఒక నియంతకు వీలు కల్పించమనే అర్జీ కావడం దాని జాతకం. 2009 డిసెంబరు 15న తీర్పు వెలువడింది. సారాంశం: సెనెగల్ ఆరో క్లాజు కాగితం ఇవ్వలేదు, కాబట్టి మాకు పరిధి లేదు. ఒక దేశం పేరు ఒక జాబితాలో ఉందో లేదో చూసి చెప్పడానికి పదహారు నెలలు. వాకిట్లో ఉన్న తాళం చెవి కోసం ఇల్లంతా వెతికి, చివరికి ఇంటివాళ్లు ఇవ్వలేదని తీర్పు రాసిన న్యాయమూర్తుల ఓపికకు నమస్కారం. హబ్రేకు చివరికి 2016లో యావజ్జీవం పడింది. వేసింది డాకార్‌లో ప్రత్యేకంగా పెట్టిన వేరే న్యాయస్థానం.

తర్వాత నైజీరియా లాయరు ఫెమి ఫలానా ఒక అడుగు ముందుకేశాడు. వడ్లగింజలో బియ్యపుగింజ అన్నట్టు, ఈ ఆరో క్లాజే చార్టర్‌కు విరుద్ధం, కొట్టేయండని అడిగాడు. నైజీరియా కాగితం ఇవ్వలేదు కాబట్టి, ఆ ప్రోటోకాల్‌ను పెట్టిన ఆఫ్రికా యూనియన్‌నే ప్రతివాదిని చేశాడు. 2012 జూన్‌లో మెజారిటీ న్యాయమూర్తులు చెప్పిన జవాబు: యూనియన్ వేరే చట్టబద్ధ వ్యక్తి, అది ప్రోటోకాల్‌లో పార్టీ కాదు, దాని మీద మాకు పరిధి లేదు. దేశం మీద వేస్తే దేశం కాగితం ఇవ్వలేదు. కాగితం అడిగిన నిబంధన మీద వేస్తే, నిబంధన పెట్టినవాడు దేశం కాదు. ముగ్గురు న్యాయమూర్తులు మాత్రం విభేదించి, ఆ క్లాజు చార్టర్‌కు అనుగుణంగా లేదని రాశారు. ముగ్గురికి జేజేలు. ఏడుగురికి భత్యాలు.

కాగితం ఇచ్చిన దేశాల్లో కొన్నిటికి కొద్దికాలానికే అసలు సంగతి అర్థమైంది. ఇచ్చిన కాగితాన్ని జనం నిజంగానే వాడుకుంటున్నారు! ఇది ఎవరూ ఊహించని విశ్వాసఘాతుకం.

ర్వాండా కథ చూడండి. ప్రతిపక్ష నాయకురాలు విక్త్వార్ ఇంగబీరె 2010లో ప్రవాసం నుంచి దేశానికి తిరిగి వస్తే అరెస్టు చేశారు, చివరికి అక్కడి సుప్రీంకోర్టు పదిహేనేళ్ల శిక్ష వేసింది. ఆమె అరూషాకు వెళ్లింది. 2016 మార్చి 4న విచారణ ఖాయమైంది. సరిగ్గా ఆ వారంలో, ఫిబ్రవరి 29న, ర్వాండా తన కాగితాన్ని వెనక్కి తీసుకుంది. జాతి హననం నేరస్థులు ఈ కోర్టును వాడుకుంటున్నారన్నది ఆ దేశం చెప్పిన కారణం. నాలుగేళ్లకొకసారి వచ్చే తేదీని ఏరి పట్టుకున్నారంటే ఎంత ముహూర్తబలమో. కోర్టుకు ఇక్కడ కాస్త పౌరుషం వచ్చింది. వెళ్తే వెళ్లండి, ఏడాది నోటీసు ఇవ్వాలి, ఇప్పటికే నడుస్తున్న కేసులకు ఇది వర్తించదు, అంది. 2017లో ఇంగబీరె భావప్రకటనా హక్కును ర్వాండా ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది కూడా. ర్వాండా ఆ గది వైపు రాలేదు.

తర్వాత టాంజానియా. ఇదే కోర్టుకు ఇల్లిచ్చిన దేశం. అరూషాకు వచ్చే అర్జీల్లో అత్యధికం టాంజానియా జైళ్ల నుంచే వచ్చేవి. కోర్టు ఊళ్లోనే ఉంది, ఖైదీలకు రాయడానికి తీరిక ఉంది, వాళ్ల ప్రభుత్వం 2010లో కాగితం ఇచ్చింది. ఇంకేం కావాలి? తొమ్మిదేళ్లు భరించి, 2019 నవంబరు 21న ఇంటి యజమాని కాగితం వెనక్కి తీసుకున్నాడు. వారం తిరక్కుండా, నవంబరు 28న, హత్యకు ఉరి తప్ప వేరే శిక్ష వేసే వీలే లేకుండా చేసిన టాంజానియా చట్టం జీవించే హక్కుకు విరుద్ధమని అదే కోర్టు తీర్పిచ్చింది. యజమానికీ అద్దెకున్నవాడికీ మధ్య ఆ వారం పలకరింపులు ఎలా సాగాయో ఏ రికార్డులోనూ లేదు. భవనం మాత్రం అక్కడే ఉంది. ఆ గడ్డ మీద కూర్చుని కోర్టు ఘనా పౌరుడు పెట్టిన అర్జీ వినగలదు, గోడ అవతల ఉన్న టాంజానియా పౌరుడి కొత్త అర్జీ మాత్రం వినలేదు.

బెనిన్ 2020 మార్చిలో తప్పుకుంది. తప్పుకున్నా ఏడాది గడువు ఉంటుంది కదా, ఆ గడువులోనే స్థానిక ఎన్నికలు ఆపమని ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. మే 17న ఎన్నికలు శుభ్రంగా జరిగిపోయాయి. ఐవరీ కోస్ట్ మాజీ ప్రధాని గీయోం సోరో మీద అరెస్టు వారంటును నిలిపివేయమని ఏప్రిల్ 22న కోర్టు అంటే, 28న అక్కడి న్యాయస్థానం ఆయనకు ఇరవై ఏళ్ల శిక్ష వేసింది, 29న ప్రభుత్వం కాగితం వెనక్కి తీసుకుంది. ట్యునీషియాది మరీ చక్కని సందర్భం. పార్లమెంటును పక్కనపెట్టి డిక్రీలతో పాలించిన అధ్యక్షుడు కైస్ సయీద్ స్వతహాగా రాజ్యాంగ శాస్త్రం అధ్యాపకుడు. ఆ డిక్రీలు రద్దు చేసి రెండేళ్లలో రాజ్యాంగ న్యాయస్థానం పెట్టమని 2022 సెప్టెంబరులో అరూషా తీర్పిచ్చింది. మాస్టారు ఆ హోంవర్కు చేయలేదు. 2025 మార్చిలో స్కూలే మానేశారు.

మిగిలిన ఏడు దేశాల్లో మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ సైనిక పాలకుల చేతిలో ఉన్నాయి. ఎన్నికైన ప్రభుత్వాలు ఒక్కొక్కటే తలుపు వేసుకుని వెళ్లిపోతే, తుపాకులతో వచ్చినవాళ్ల కాగితాలు మాత్రం ఇంకా ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ప్రజాస్వామ్యం మీద ప్రేమ అనుకోకండి. పాత ప్రభుత్వాల సంతకాలు వెతికే తీరిక ఇంకా చిక్కలేదంతే.

సరే, మీరు అదృష్టవంతులు. మీ దేశం ఆ ఏడింటిలో ఒకటి. పరిధి అనే వాకిలి దాటారు. ఇప్పుడు విచారణార్హత అనే సావిట్లోకి వచ్చారు. ఇక్కడ చార్టర్ 56వ అధికరణం మీ కోసం కాచుకుని ఉంటుంది. ఇందులో ఏడు షరతులు. కొన్ని సబబైనవే. పేరు చెప్పాలి, ఇదివరకే తేలిపోయిన వివాదాన్ని తిరగతోడకూడదు లాంటివి ఎవరూ కాదనరు. నా ప్రాణం మాత్రం మూడో షరతు మీద ఉంది. అర్జీలో సదరు రాజ్యాన్ని గానీ, దాని సంస్థలను గానీ, ఆఫ్రికా ఐక్యతా సంస్థను (ఇప్పటి యూనియన్‌కు పాత రూపం) గానీ కించపరిచే, అవమానించే భాష ఉండకూడదు. గోళ్లు ఊడబెరికించుకున్నవాడు మర్యాద తప్పకూడదన్నమాట.

ఇది అటకెక్కిన అక్షరం కాదు. కామెరూన్‌లో చిత్రహింసల మీద అక్కడి హక్కుల సంఘం బంజూల్‌లోని ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే (కోర్టుకూ కమిషన్‌కూ ఈ నిబంధన ఒకటే), ఫిర్యాదులో అధ్యక్షుడు పాల్ బియా మానవాళిపై నేరాలకు జవాబు చెప్పాలని, ఇది చిత్రహింసలు పెట్టేవాళ్ల పాలన అని, ప్రభుత్వం అనాగరికమని రాశారు. 1997లో కమిషన్ ఆ ఫిర్యాదును తిప్పికొట్టింది. ఆరోపణలు ఒకవేళ నిజమైతే చాలా తీవ్రమైనవేనట, కానీ భాష బాగాలేదట. చిత్రహింసలు పెట్టారనడం ఫిర్యాదు, చిత్రహింసలు పెట్టేవాళ్లు అనడం దూషణ! 1982లో గద్దెనెక్కిన బియా ఆ తీర్పు తర్వాత కూడా దశాబ్దాలు గద్దె మీదే ఉన్నారు, మనసు నొచ్చుకోకుండా. తర్వాతి కాలంలో కమిషన్ కొంచెం మెత్తబడిందనే మాటా చెప్పాలి. అయినా అక్షరం చార్టర్‌లో అలాగే ఉంది. అందుచేత భావి అర్జీదారుల సౌకర్యార్థం మన పాత తాలూకాఫీసుల బాణీలో ఒక నమూనా రాసి పెడుతున్నాను, ఉచితంగా వాడుకోవచ్చు:

"మహారాజశ్రీ దేశాధ్యక్షులవారి దివ్యసముఖమునకు, తమ విధేయుడు అనేక నమస్కారములతో విన్నవించుకొనునది. గత మాసమున తమ పోలీసువారు అర్ధరాత్రివేళ ఎంతో శ్రమపడి ఈ విధేయుని ఇంటికి విచ్చేసి, తలుపు వారే తీసుకుని, స్టేషనుకు సగౌరవముగా ఈడ్చుకొనిపోయినారు. అచట విధేయుని కాలిగోళ్లు ఓపికగా ఒక్కొక్కటియే పెరికినారు. ఇందు తమ సిబ్బంది లోపమేమియు లేదు, గోళ్లే కొంచెము గట్టిగా నుండినవి. అటుపిమ్మట విధేయుని తమ్ముడు కనిపించుట మానినాడు. ఇది వాని స్వభావదోషమై యుండవచ్చును. తమ తీరిక చూచుకొని, తమకు ఇబ్బంది లేనిచో, తమ్ముని శవమైనను ఇప్పింప ప్రార్థన."

విచారణార్హత ఉంది. భాష నిర్దోషం.

నాలుగో షరతు: అర్జీ కేవలం పత్రికల్లో, రేడియోల్లో వచ్చిన వార్తల మీద ఆధారపడి ఉండకూడదు. బాగుంది. అయితే విలేకర్లను జైల్లో వేస్తే వార్తలే రావు కాబట్టి ఈ షరతు దానంతటదే నెరవేరుతుంది. ఈ షరతును ప్రయోగించబోయిన ఒక ప్రభుత్వానికి కమిషన్ 2000లో మంచి జవాబే చెప్పింది. గాంబియా అధ్యక్షుడు దౌదా జవారాను 1994 జులైలో సైన్యం కూలదోసింది. ఆఫ్రికా చార్టర్‌కు బంజూల్ చార్టర్ అని పేరు రావడానికి కారణం దాని ముసాయిదా గాంబియా రాజధాని బంజూల్‌లో తయారవడమే. అప్పుడు ఆతిథ్యమిచ్చిన అధ్యక్షుడు ఈ జవారాయే. పద్నాలుగేళ్ల తర్వాత ఆయనే ఆ చార్టర్ పట్టుకుని అర్జీదారుగా వచ్చాడు. కొత్త ప్రభుత్వం, ఇవన్నీ పేపర్లో వార్తలు, పైగా ఇక్కడి కోర్టులన్నీ చూసి రాలేదు, అంది. గాంబియా గడ్డ మీద కాలు పెడితే ప్రాణానికే ముప్పున్న మనిషి అక్కడి కోర్టులెలా చూస్తాడయ్యా, అని కమిషన్ ఆ మాట కొట్టేసింది. స్థానిక న్యాయమార్గం అందుబాటులో ఉండాలి, పనిచేయాలి, సరిపోవాలి అన్న సూత్రం ఇప్పటికీ అందరూ ఉటంకించేది ఈ కేసు నుంచే. గద్దె మీదున్న పెద్దలెవరైనా చదువుతుంటే ఒక మాట: అర్జీల నిబంధనలు రాసేటప్పుడు, రేపు ఆ వరసలో మనం నిలబడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకుని రాయండి.

స్థానిక న్యాయమార్గాలన్నీ అయిపోయాకే రావాలన్న ఐదో షరతును నేను తిట్టను. ఇంట్లో తేలే తగాదా ఊరి బయటికి ఎందుకు అన్నది న్యాయమైన మాటే, ప్రపంచంలో ప్రాంతీయ మానవ హక్కుల కోర్టులు దాదాపు అన్నీ అడిగేదే. కానీ దీన్ని ముద్దాయి గార్లు వాడే తీరు చూడాలి. ఖైదీ కింది కోర్టు, హైకోర్టు, అన్నిటికన్నా పైనున్న అప్పీలు కోర్టు దాటి వస్తే, టాంజానియా సర్కారు లేచి, ఇతగాడు అప్పీలు కోర్టులో రివ్యూ వేయలేదు, రాజ్యాంగ పిటిషన్ వేయలేదు, అనేది. అవి అసాధారణ మార్గాలు, వెళ్లనక్కర్లేదని అరూషా 2015లో తేల్చి చెప్పింది. తర్వాతి కేసులో సర్కారు మళ్లీ అదే అభ్యంతరం. కోర్టుది మళ్లీ అదే జవాబు. ఆ తర్వాతి కేసులో మళ్లీ. ఇద్దరికీ కంఠతా వచ్చిన డైలాగు. మధ్యలో ఖైదీకి మాత్రం సంవత్సరాలు పోతుంటాయి.

ఆ సంవత్సరాలే మళ్లీ అతని మెడకు చుట్టుకుంటాయి, ఎందుకంటే తర్వాతి షరతు 'సముచిత కాలం'లో రావాలన్నది. ఎంత కాలం సముచితం? చార్టర్ చెప్పదు, కేసును బట్టి. ఒక ఖైదీ ఐదేళ్ల ఒక నెలకు వస్తే, పాపం చదువు లేదు, లాయరు లేడు, ఫర్వాలేదన్నారు. మరొకడు ఐదేళ్ల నాలుగు నెలలకు వస్తే ఆలస్యం చేశావు పొమ్మన్నారు. కారణాలు వేరని తీర్పుల్లో విడమరిచి రాశారు. అవి చదువుకోవడానికి కూడా ఆ రెండోవాడికి జైల్లో కావలసినంత సముచిత కాలం మిగిలింది.

కాలం మాట వచ్చింది కాబట్టి నార్బెర్ట్ జోంగో సంగతి. బుర్కినా ఫాసోలో అధికారుల గుట్లు రట్టు చేసిన పత్రికా సంపాదకుడు. 1998 డిసెంబరు 13న, తగలబడిన కారులో ఆయనా, తోడున్న ముగ్గురూ శవాలై దొరికారు. ఏ దేశ రాజధానిలో ఆ జూన్‌లో కోర్టు ప్రోటోకాల్ ఆమోదించారో, ఏ దేశం ఆ ఏడే అందరికన్నా ముందు ఆరో క్లాజు కాగితం రాసిచ్చిందో, అదే దేశం, అదే ఏడు. కానీ ప్రోటోకాల్ అమలులోకి వచ్చింది 2004 జనవరి 25న. దాంతో కోర్టు 2013లో కాలాన్ని కోడిగుడ్డు పగలగొట్టినట్టు రెండు చేసింది. హత్య ఒక్క క్షణంలో అయిపోయింది, ఆ క్షణం మా పుట్టుకకు ముందుది, దాన్ని మేం చూడం. హంతకుల్ని పట్టుకోకపోవడం మాత్రం రోజూ జరుగుతూనే ఉంది కాబట్టి అది మా పరిధే. చంపడం కన్నా, చంపినవాణ్ని వెతక్కపోవడం ఎక్కువ కాలం నిలిచే పని అని తేలింది. వ్యంగ్యం పక్కన పెడితే, ఆ తర్కం వల్లే 2014లో బుర్కినా మీద తీర్పు వచ్చింది, జోంగో కుటుంబానికి పరిహారం అందింది. ముద్దాయి గార్ల మధ్య నలుగుతూ కూడా ఈ న్యాయమూర్తులు సందు దొరికినప్పుడల్లా న్యాయం చేయడానికే చూశారన్నది నిజం. నా బాణం వాళ్ల మీద కాదు.

ప్రోటోకాల్ ఆమోదించి, కాగితం మాత్రం ఇవ్వని దేశం వాళ్లకు ఒక దొడ్డిదారి ఉంది. బంజూల్ కమిషన్‌కు చెప్పుకుంటే, కమిషన్‌కు తోస్తే, తానే కోర్టుకు తీసుకెళ్లొచ్చు. కెన్యాలోని మావ్ అడవిలో ఉండే ఒగియెక్ జాతి అలాగే వెళ్లింది. 2009 అక్టోబరులో ముప్పై రోజుల్లో అడవి ఖాళీ చేయమని నోటీసిచ్చారు. 2017 మేలో తీర్పు వాళ్ల పక్షాన వచ్చింది. 2022 జూన్‌లో పరిహారం ఖాయమైంది, పదిహేను కోట్ల డెబ్బై ఎనిమిది లక్షల యాభై వేల కెన్యా షిల్లింగులు, భూమి పట్టాలు కూడా ఇమ్మన్నారు. 2023 నవంబరులో ఒగియెక్ ఇళ్లను మళ్లీ కూలగొట్టారు. ముప్పై రోజుల నోటీసుకు పదమూడేళ్ల జవాబు, ఆ జవాబుకు బుల్‌డోజర్ ప్రతిజవాబు.

అరూషాలో ఇంకో కోర్టు కూడా ఉందండోయ్, తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం. దాని ఒప్పందం 1999లో రాశారు. మానవ హక్కుల పరిధి సంగతి 'తర్వాత తగిన తేదీన' నిర్ణయిస్తామన్నారు. పాతికేళ్లు దాటినా పంచాంగంలో తగిన తేదీ తగల్లేదు. అది 2006 నవంబరులో తూర్పు ఆఫ్రికా శాసనసభకు కెన్యా పంపిన ప్రతినిధుల ప్రమాణ స్వీకారాన్ని ఆపేసరికి, డిసెంబరుకల్లా దేశాధినేతలు కూర్చుని ఒప్పందాన్నే మార్చి, ఇకపై ఎవరైనా రెండు నెలల్లోపే రావాలని గడువు బిగించారు. ఆ పనికి మాత్రం తగిన తేదీ నెల తిరక్కుండా దొరికింది. దక్షిణాన నమీబియా రాజధాని విండ్‌హూక్‌లో మరో ట్రిబ్యునల్ ఉండేది. జింబాబ్వేలో భూములు లాక్కున్న కేసులో, మా కోర్టులకు వెళ్లకుండా వచ్చారని ముగాబే ప్రభుత్వం వాదించింది. మీ కోర్టులకు వెళ్లే వీల్లేదని రాజ్యాంగాన్ని సవరించింది మీరేగా, అని ట్రిబ్యునల్ 2008లో తీర్పిచ్చింది. 2010లో ఆ ట్రిబ్యునల్‌నే నిలిపేశారు. తర్వాత, ఇకపై అది దేశానికీ దేశానికీ మధ్య తగాదాలే చూస్తుందన్నారు. దేశాలు ఒకదాని మీద ఒకటి కేసు వేసుకునే అలవాటు లేనివి.

నైజీరియా రాజధాని అబుజాలోని పడమటి ఆఫ్రికా ఆర్థిక సంఘం కోర్టు మాత్రం కాగితం అడగదు, కింది కోర్టులన్నీ చూసొచ్చావా అనీ అడగదు. నైజర్‌లో బానిసగా అమ్ముడైన ఒక మహిళకు 2008లో ఆ కోర్టే పరిహారం ఇప్పించింది. అంటే ఇలాంటి తలుపు పెట్టడం ఆఫ్రికాలో సాధ్యమే. దానికి విరుగుడూ కనిపెట్టారు లెండి. మాలీ, బుర్కినా, నైజర్ 2025 జనవరిలో ఆ సంఘం నుంచే బయటికి వెళ్లిపోయాయి.

ఇక పెద్దల దూరదృష్టికి పరాకాష్ఠ 2014 జూన్‌లో ఈక్వటోరియల్ గినీలోని మలాబోలో ఆమోదించిన మరో ప్రోటోకాల్. వేదిక ఎంపికే బ్రహ్మాండం. అక్కడి అధ్యక్షుడు ఒబియాంగ్ 1979 నుంచి అదే కుర్చీలో ఉన్నారు. దీని ప్రకారం కోర్టుకు క్రిమినల్ విభాగం వస్తుంది, జాతి హననం, యుద్ధ నేరాలు, అవినీతి, అన్నీ విచారిస్తుంది. పదవిలో ఉన్న దేశాధినేతలనూ, పెద్ద అధికారులనూ తప్ప. జాతి హననాలు పదవిలో లేని సామాన్యులు తీరిక వేళల్లో చేసే పని అని ఆ సభకు ఎవరు చెప్పారో తెలియదు. అది ఇంకా అమలులోకి రాలేదు. రాకపోయినా నష్టం లేదు.

చదువుతున్న తెలుగువాళ్లు ఆఫ్రికా వాళ్లను చూసి నవ్వుకుంటుంటే కాస్త ఆగండి. వాళ్లకు వేసి ఉన్న తలుపైనా ఉంది. ఆసియాకు గోడే ఉంది. మన ఖండానికి మానవ హక్కుల కోర్టు లేదు. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందాన్ని భారతదేశం 1979లోనే ఒప్పుకుంది గానీ, వ్యక్తులు ఐక్యరాజ్యసమితి కమిటీకి ఫిర్యాదు చేసుకునే ఐచ్ఛిక ప్రోటోకాల్ మీద మాత్రం సంతకం చేయలేదు. ఇంట్లో ఉన్న మానవ హక్కుల కమిషన్లకు 1993 చట్టం 36వ సెక్షన్ గీసిన గీత ఒక్క ఏడాది. ఘటన జరిగి ఏడాది దాటితే ఢిల్లీ కమిషనైనా, హైదరాబాదు కమిషనైనా, ఆంధ్రప్రదేశ్ కమిషనైనా విచారించకూడదు. అరూషా ఖైదీకి ఐదేళ్ల ఒక నెల దాకా వెసులుబాటు దొరికింది. మనవాడికి పన్నెండు నెలలు. కాగితాలకు భయపడే విద్యలో మన ఏలినవారు ఎవరికీ తీసిపోరు.

అరూషాకు చేయవలసిన మరమ్మతు పెద్దదేం కాదు. ఆరో క్లాజు తీసేయాలి. ప్రోటోకాల్ ఆమోదించిన దేశం మీద ఆ దేశపు మనిషి నేరుగా కోర్టుకు వెళ్లొచ్చని రాయాలి. 56వ అధికరణంలో మర్యాద షరతు చెరిపేయాలి. ప్రోటోకాల్‌కు సవరణ ప్రతిపాదించే అధికారం 35వ అధికరణం కింద కోర్టుకే ఉంది, ఎవరి కాగితమూ అక్కర్లేదు. దేశాధినేతల సభలో సాధారణ మెజారిటీ చాలు. న్యాయమూర్తులు ఆ ప్రతిపాదన రాసి పంపాలి, మళ్లీ మళ్లీ పంపాలి, టాంజానియా అభ్యంతరాలు పంపినంత శ్రద్ధగా. అయితే అదే 35వ అధికరణంలో మరో వాక్యం కూడా ఉంది: సవరణ నెగ్గినా, దాన్ని ఒప్పుకుంటున్నానని రాసిచ్చిన దేశానికే అది వర్తిస్తుంది.